గంధం రెండు విధాలా?

తర్కశాస్త్రంలో అడుగు పెట్టే విద్యార్థి మొట్టమొదట చేతపట్టే గ్రంథం తర్కసంగ్రహం. పదిహేడవ శతాబ్దికి చెందిన దాని కర్త అన్నంభట్టు తెలుగువాడని పండితులు చెబుతారు. గంధాన్ని గూర్చి ఆయన చెప్పినది చాల కొద్ది. అది ముక్కుచేత గ్రహింపబడే గుణం. పృథివిలో మాత్రమే ఉంటుంది. సురభి, అసురభి అని రెండు విధాలు. రూపానికి ఏడు భేదాలు, రసానికి ఆరు భేదాలు లెక్కించిన శాస్త్రకారుడు గంధం దగ్గరకు వచ్చేసరికి రెండింటితో సరిపెట్టుకొన్నాడు.

ఇక్కడ నన్ను ఆలోచింపజేసేది సంఖ్య కాదు, విభజన స్వభావం. ఎరుపు, పసుపు అన్నప్పుడు వస్తువు ఎట్లా ఉన్నదో చెబుతున్నాము. తీపి, చేదు అన్నప్పుడూ అంతే. సురభి, అసురభి అన్నప్పుడు మాత్రం ఆ వస్తువు మనకు ప్రియమా, అప్రియమా అని చెబుతున్నాము. అంటే మన తీర్పునే ఒక గుణంగా భావించి వస్తువులో కూర్చోబెట్టినాము. ఆ తీర్పు నిజంగా వస్తువులోనే ఉన్నదా? ముక్కులో ఉన్నదా? లేక మరెక్కడి నుంచి అయినా వచ్చి చేరినదా? ఇది పండితులు తీరికవేళ చర్చించుకొనే ప్రశ్న అయి ఉంటే దానిని వారికే వదిలివేయవచ్చును. కాని ఈ దేశంలో ఒక మనిషిని దూరంగా నిలబెట్టడానికి శాస్త్రం కన్న, ఆచారం కన్న తేలికగా దొరికిన సాక్షి ముక్కే. అందుచేత ఆ సాక్షిని నిలదీసి అడగవలసి ఉన్నది.

భాష ఈ విషయంలో కొంత గుట్టు బయటపెడుతుంది. తెలుగులో ‘వాసన’ అన్న మాటకు మంచీ లేదు, చెడ్డా లేదు. అయినా ‘పప్పు వాసన వస్తున్నది’ అంటే ఏ ఇల్లాలూ దానిని పొగడ్త అనుకోదు. హిందీలోనికి పారసీకం నుంచి వచ్చిన ‘బూ’ గతి కూడ ఇదే. మూలంలో అది వట్టి వాసన. ముందు ‘ఖుష్’ చేరితే పరిమళం, ‘బద్’ చేరితే దుర్గంధం. ఏదీ చేరకుండ ఒంటరిగా వస్తే నేటి హిందీలో దుర్గంధమే. మన పొరుగున కన్నడంలో ‘కంపు’ అంటే ఈనాటికీ సుగంధం. మన ప్రాచీన కావ్యాలలోనూ అది పరిమళమే. నేటి తెలుగులో ఆ మాట వింటేనే ముక్కు మూసుకొంటాము. తమిళంలో ‘నాట్రం’ అన్న పదం కూడ ఇదే దారి పట్టినది. ఇన్ని భాషలలో వాసనకు పెట్టిన పేర్లు కాలక్రమాన చెడ్డవైపే జారినవి.

హిందీ నుంచి తెనిగించేవారికి మరొక చిక్కు ఉన్నది. హిందీలో ‘వాసనా’ అంటే కోరిక, అందులోనూ కామం. ఆ మాటను అట్లాగే దించితే తెలుగు పాఠకునికి పూలు గుర్తుకు వస్తాయి. దర్శన గ్రంథాలలో మూడవ అర్థం ఉన్నది: అనుభవం గతించిన తరువాత చిత్తంలో నిలిచిపోయే సంస్కారం. పూలు మూటగట్టిన వస్త్రంలో పూలు తీసివేసిన తరువాత కూడ వాటి తావి నిలిచినట్లు. ఒకే శబ్దంలో ఘ్రాణమూ, స్మృతీ, కాంక్షా కలిసి ఉండడం నిఘంటుకారునికి తలనొప్పి కావచ్చును. మెదడు నిర్మాణాన్ని పరిశీలించినవారికి అది అంత వింతగా తోచదు.

గాలిలో తేలివచ్చే అణువులు ముక్కు లోపల పైభాగాన ఉన్న పలుచని పొరపై వాలుతాయి. ఆ పొరలో లక్షల కొలది నాడీకణాలు ఉన్నవి. అవి నెలకో రెండు నెలలకో నశించి, వాటి స్థానంలో కొత్తవి పుడుతూ ఉంటాయి. ఈ కణాల ఉపరితలంపై అణువులను పట్టుకొనే గ్రాహకాలను నిర్మించే జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనుగొన్నారు. 2004లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించినది. ఎలుకలో ఇటువంటి జన్యువులు సుమారు 1000; మనిషిలో పనిచేసేవి సుమారు 400. ఒక్కొక్క నాడీకణం ఒకే రకం గ్రాహకాన్ని ధరిస్తుంది. అయితే ఒక అణువు అనేక రకాల గ్రాహకాలను కదిలించవచ్చును. ఒక గ్రాహకం అనేక అణువులకు స్పందించవచ్చును. కనుక వాసన అనేది కొన్ని గ్రాహకాల కలయిక. యాభై ఆరు అక్షరాలతో ఎన్ని మాటలైనా కూర్చుకొన్నట్లే ఈ కొద్దిపాటి గ్రాహకాలతో లెక్కకు మిక్కిలి వాసనలను వేరుపరచవచ్చును. అక్షరాలలో మంగళకరమైనవీ, అమంగళమైనవీ ఉన్నట్లు ఛందస్సు చెప్పిన మాట నిజమే కాని, ఆ లెక్కను ఇక్కడికి తీసుకురావలసిన పని లేదు.

ఒకే రకం గ్రాహకం గల కణాలు ముక్కులో చెల్లాచెదరుగా ఉన్నా, వాటి తంతువులు మాత్రం మెదడు ముందుభాగాన ఉన్న ఘ్రాణ లంబికలో ఏరి కూర్చినట్లు ఒకటి రెండు చోట్లనే కలుస్తాయి. ఆ కూడలిని గ్లోమెరులస్ అంటారు. ఎలుకలో ఒక్కొక్క లంబికలో సుమారు రెండువేల కూడళ్ళు ఉంటాయి. అక్కడ సమాచారాన్ని మైట్రల్ కణాలు అందుకొంటాయి. వాటి చుట్టూ గ్రాన్యూల్ కణాలనే చిన్న కణాలు గుమిగూడి ఉంటాయి. ఇవి విచిత్రమైనవి, సందేశాన్ని దూరానికి మోసే పొడవైన తంతువు వీటికి లేదు. తమ శాఖలతోనే మైట్రల్ కణం నుంచి సందేశం అందుకొని, ఆ శాఖలతోనే తిరిగి దానిని అణచివేస్తాయి. ఇట్టి పరస్పర సంధిని 1966లో వర్ణించారు. దాని ఫలితంగా గట్టిగా పలికిన కణం తన ఇరుగుపొరుగును కొంత నోరు నొక్కుతుంది. ఒకదానినొకటి పోలిన వాసనలు విడివడి స్పష్టమవడానికి ఇది తోడ్పడుతుందని భావిస్తారు. ఇంకొక సంగతి. ఈ గ్రాన్యూల్ కణాలకు ముక్కు వైపు నుంచే కాక, మెదడు పైభాగాల నుంచి కూడ తంతువులు దిగివస్తాయి. అనగా ముక్కు తరువాతి తొలి మజిలీలోనే మన ఎదురుచూపు, మన పూర్వానుభవం చేయి చేసుకొంటున్నవి.

చూపు, వినికిడి మస్తిష్క వల్కలాన్ని చేరేముందు థలామస్ అనే ద్వారం గుండ పోవలసి ఉన్నది. వాసనకు ఆ నిర్బంధం లేదు. మైట్రల్ కణాల తంతువులు నేరుగా పిరిఫార్మ్ వల్కలానికి, భయానికీ ఉద్వేగానికీ సంబంధించిన అమిగ్డలాకు, జ్ఞాపకానికి వాకిలి వంటి భాగానికి పోతాయి. వాసన, సంస్కారం, కాంక్ష ఒకే మాటలో ఇమిడి ఉండడం వింత కాదని ఇందుకే అన్నాను.

పిరిఫార్మ్ వల్కలంలో జరిగేది అన్నిటికన్న ఆశ్చర్యకరం. లంబికలో ఏ వాసన ఏ కూడలిలో అన్న క్రమం కనిపిస్తుంది. ఇక్కడికి వచ్చేసరికి ఆ పటం చెరిగిపోతుంది. ఒక్కొక్క వాసనకు స్పందించే కణాలు వల్కలమంతటా ఏ వరుసా లేకుండ వెదజల్లినట్లు ఉంటాయి. మంచి వాసనలకు ఒక పేట, చెడు వాసనలకు ఒక పేట అక్కడ లేవు. 2011లో ఆక్సెల్ పరిశోధనశాలవారు ఈ భాగాన్నే పరీక్షించారు. ఎలుక మెదడులోని ఈ వల్కలంలో ఎక్కడో ఒకచోట ఉన్న కొన్ని వందల కణాలను, కాంతి సోకితే మేల్కొనేటట్లు మార్చారు. ముక్కుకు ఏ వాసనా చేరలేదు. కాంతి మాత్రమే ప్రసరించినది. ఆ కాంతితో పాటు పాదాలకు విద్యుద్ఘాతం తగిలిన ఎలుకలు తరువాత కాంతి ఒక్కటి వచ్చినా పారిపోయినవి. కాంతితో పాటు దాహానికి నీరు దొరికిన ఎలుకలు కాంతి రాగానే నీటికోసం నాలుక చాపినవి. పైగా ఒకే గుంపు కణాలకు మొదట ఒక పాఠం నేర్పి, తరువాత దానికి విరుద్ధమైన పాఠం నేర్పడం కూడ సాధ్యమైనది. ఏ వాసనకూ చెందని ఒక కణసమూహం మొన్న విషమై, నేడు అమృతమైనది.

ఈ విద్యకు మన దేశంలోనూ ఒక పరంపర ఉన్నది. బస్తీ జిల్లాలో పుట్టిన ఒబేద్ సిద్దీఖీ 1970లలో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో పళ్ళపై ముసిరే చిన్న ఈగలను పెంచుతూ, వాసన పట్టలేని ఈగలను వేరుచేసి, ఆ లోపానికి ఏ జన్యువులు కారణమో వెదికాడు. కెన్యాలో పుట్టి, ఆయన వద్ద శిష్యరికానికి వచ్చిన వెరోనికా రోడ్రిగ్స్‌తో కలిసి 1978లో ప్రకటించిన పరిశోధన ఈ రంగంలో తొలి అడుగులలో ఒకటి. ఆయన తరువాత బెంగుళూరులో జాతీయ జీవశాస్త్ర కేంద్రాన్ని నెలకొల్పి, 2013లో కన్నుమూశాడు. ఈగ మెదడులో కూడళ్ళు సుమారు యాభై. వాటి నుంచి సందేశం అందుకొనే కణాలు ఒక్కొక్క పక్క సుమారు రెండువేలు. ఏ కూడలి ఏ కణంతో కలుస్తుందన్నది చాలవరకు యాదృచ్ఛికం. మంచిచెడ్డలను డోపమైన్ అనే రసాయనం బయటినుంచి వచ్చి అనుభవాన్ని బట్టి ఆ సంధులపై ముద్రిస్తుంది. ఈగకూ ఎలుకకూ వంశం విడిపోయి యుగాలు గడచినా, మంచిచెడ్డలను ముందే చెక్కిపెట్టకుండ ఖాళీ ఉంచే ఏర్పాటు రెండింటా కనిపిస్తున్నది.

అయితే ఇంత మాత్రాన అన్నంభట్టు ఓడిపోలేదు. ప్రతివాది బలాన్ని తగ్గించి చెప్పి గెలవడం వాదధర్మం కాదు. ప్రయోగశాలలో పుట్టి పెరిగి, నక్కను ఎన్నడూ చూడని ఎలుక కూడ నక్క మలంలోని ఒక పదార్థం వాసన తగిలితే బెదురుతుంది. ఇట్టి పుట్టుభయాలకు అమిగ్డలాలోని ఒక భాగం ఆధారమని 2014లో తేలినది. మనుష్యుల విషయంలోనూ, 2022లో వెలువడిన ఒక పరిశోధనలో, భిన్న ఖండాలలో భిన్న జీవనవిధానాలు గల తొమ్మిది సమాజాలవారికి పేరు చెప్పకుండ పది వాసనలు చూపి ఇష్టానుసారం వరుస పెట్టమన్నారు. వారి ఇష్టాయిష్టాలలోని భేదాన్ని ఏ సమాజంలో పుట్టినారన్నది వివరించగలిగినది నూటికి ఆరు పాళ్ళే. అణువు స్వభావం నలభైకి పైగా పాళ్ళు వివరించినది. తక్కినది వ్యక్తి వ్యక్తికీ ఉన్న తేడా. వనిల్లా గింజలోని పదార్థం అందరికన్న ముందు నిలిచినది. చెమట పట్టిన పాదాల వాసనను తలపించే ఐసోవలెరిక్ ఆమ్లం చివర నిలిచినది. కనుక దుర్గంధమంతా సంఘం కల్పించినదేనని, పుట్టుకతో మన ముక్కు వట్టి పలక అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కాని అదే ఆమ్లంతో చేసిన మరొక పరీక్షను దీని పక్కన పెట్టి చూడండి. 2005లో ఇంగ్లండులో కొందరికి ఆ వాసనను అందిస్తూ ఒకసారి ‘చెడ్డార్ జున్ను’ అనీ, మరొకసారి ‘ఒంటి వాసన’ అనీ పేరు చూపారు. వాసన మారలేదు. పేరు మారేసరికి ఇష్టం మారినది; ఇష్టాయిష్టాలకు సంబంధించిన మెదడు భాగాలలో స్పందన కూడ దానితో పాటు మారినది. మల్లెజాతి పూల తావిలో ఇండోల్ అనే పదార్థం కొంచెముగా ఉంటుంది. అదే పదార్థం మలంలోనూ ఉన్నది. దేవునికి సమర్పించే దండలోనూ, తలుపు మూసి పరుగెత్తవలసిన చోటా ఉన్నది ఒకే అణువు. మోతాదూ, సాంగత్యమూ వేరు. అణువుకు ఇష్టం కలిగించే గుణమో, అయిష్టం కలిగించే గుణమో కొంత ఉన్నదని ఒప్పుకొందాము. అయినా అది ‘ఎవరిది’ అన్నది అణువులో లేదు. ముక్కుకు ఆ సంగతి తెలియదు. అది మరొకచోటి నుంచి వచ్చి చేరవలసినదే.

ఈ చేరిక మన తార్కికులకు తెలియనిది కాదు. దూరంగా ఉన్న చందనపు చెక్కను కంటితో చూసి ‘చందనం సుగంధంగా ఉన్నది’ అంటాము. పరిమళం ముక్కుకు అందలేదు. కన్ను పరిమళాన్ని పట్టలేదు. మరి ఆ జ్ఞానం ఏ జాతిది? పూర్వజ్ఞానమే సంబంధమై ఇక్కడ అలౌకికమైన ప్రత్యక్షం కలుగుతున్నదని నైయాయికులు అన్నారు. అద్వైతులు దీనిని ఒప్పుకోలేదు. ఆ వాక్యాన్ని రెండుగా చీల్చాలని, చందనం వరకు ప్రత్యక్షమని, సుగంధం వరకు పరోక్షమని వేదాంతపరిభాషాకారుడు తేల్చాడు. కళాశాలలో ఈ వివాదం చదివేవారు సాధారణంగా దానిని గింజను పొట్టు తీసినంత సన్నని పని అనుకొంటారు. చందనపు చెక్క స్థానంలో చీపురు చేతపట్టిన మనిషిని నిలబెట్టి చూస్తే అది ఎంత గట్టి ప్రశ్నో తెలుస్తుంది. అతడు స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టి, రైలుపెట్టెలో పక్కన కూర్చున్నాడు. అతని వృత్తి తెలియనంతసేపు ఏ వాసనా లేదు. తెలిసిన మరుక్షణం పక్కవాడు కొంచెం జరుగుతాడు. అడిగితే ‘వాసన’ అంటాడు. అతడు అబద్ధమాడుతున్నాడని నేను అనను. వాసన వచ్చినట్లే అతనికి తోచి ఉండవచ్చును. నైయాయికుని మాట ఒప్పుకొంటే అది ప్రత్యక్షం; ప్రత్యక్షానికి ఎదురు చెప్పేదేమున్నది? అద్వైతి మాట ఒప్పుకొంటే మనిషిని చూచినది కన్ను, వాసనను తెచ్చినది సంస్కారం. ఈ ఒక్క విషయంలో నేను అద్వైతి పక్షాన నిలుస్తాను. మెదడు నిర్మాణాన్ని తెలుసుకొన్న తరువాత నా పక్షం మరికొంత బలపడినది. ఎందుకంటే ఆ రెండు పాయలు కలిసే చోటును ఇప్పుడు వేలు పెట్టి చూపవచ్చును, కలిపిన పాఠాన్ని మార్చడమూ చూచినాము.

ఇక రెండవ మాట ఒకటి ఉన్నది, మొదటిదానికన్న మర్యాదగా వినబడేది. ‘వాళ్ళకు అలవాటే’ అన్నది. దీనిలో సగం నిజం ఉన్నది గనుకనే ఇది చాల ప్రమాదకరమైన మాట. ఎడతెగకుండ తగిలే వాసనకు ముక్కులోని కణాలూ, వాటికన్న త్వరగా పిరిఫార్మ్ వల్కలమూ స్పందించడం తగ్గిస్తాయి. అగరువత్తుల దుకాణంవాడికి అగరు వాసన తెలియనట్లే. ఈ అలసట కులం చూచి కలగదు. ఎవరి ముక్కుకైనా నిమిషాలలో కలుగుతుంది. బయటికి పోయి వస్తే తీరిపోతుంది. దానిని ఒక జాతి స్వభావంగా మార్చినది మనమే. ప్రేమ్‌చంద్ 1932లో వ్రాసిన ‘ఠాకుర్ కా కుఆఁ’ కథలో జబ్బుతో ఉన్న జోఖూ చెంబు నోటికి ఎత్తగానే నీటి కుళ్ళు వాసన అతనికి తెలుస్తుంది. గంగి కూడ మూచూచి నిర్ధారించుకొంటుంది. వారి ముక్కులు ఠాకూరు ముక్కు వలెనే పనిచేస్తున్నవి. మంచినీటి బావి దగ్గరకు పోయే హక్కు లేదు, అంతే. చీకటిలో దొంగతనంగా పోయిన గంగి ఉత్తచేతులతో పరుగెత్తి వచ్చేసరికి జోఖూ ఆ కుళ్ళునీటినే తాగుతూ ఉంటాడు. ఆ దృశ్యం చూచిన ఠాకూరు ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు: వాళ్ళకు అలవాటే.

మురుగుకాలువలో దిగే మనిషి విషయంలో ఈ మాట ప్రాణం తీస్తుంది. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును మన ముక్కు గాలిలో పది లక్షల పాళ్ళకు ఒక పాలు కన్న తక్కువ ఉన్నా పట్టగలదు. అదే వాయువు నూరు పాళ్ళు దాటితే కొద్ది నిమిషాలలో ఘ్రాణశక్తి మొద్దుబారుతుంది. మరికొన్ని వందల పాళ్ళు పెరిగితే మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. అనగా ప్రాణాపాయం దగ్గరపడే సరిగ్గా ఆ ఘడియలో వాసన మాయమవుతుంది. పైన నిలుచున్నవాడు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకొని ఉంటాడు. లోపలివానికి ఏమీ తెలియదు. అలవాటు అన్న మాట అక్కడ వర్తించినది నిజమే. మానవ మలాన్ని చేతితో ఎత్తించడాన్ని 1993లో ఒక చట్టం నిషేధించినది. 2013 నాటి చట్టం రక్షణ సాధనాలు లేకుండ మురుగుకాలువలలో, మలపు తొట్లలో దింపడాన్ని కూడ నిషేధించినది. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో 2014లో సుప్రీం కోర్టు, 1993 నుంచి అట్లా మరణించినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయలు ఇవ్వవలసినదని తీర్పు చెప్పినది. 2023లో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసినది. చట్టం ఉన్నది, వెల కట్టడమూ అయినది, దిగడం ఆగలేదు.

ఏవగింపు పుట్టడం మన చేతిలో లేదని, పుట్టిన దానికి మనము బాధ్యులము కామని కొందరు అంటారు. మొదటి క్షణం వరకు నేనూ ఒప్పుకొంటాను. మైట్రల్ కణం కదలడానికి ఎవరి అనుమతీ అడగదు. ఆ క్షణానికి ముందు గడచిన సంవత్సరాలు మాత్రం మన చేతిలోనివే. తన మలాన్నే చేతితో పట్టుకొని ఆడుకొనే పసిబిడ్డకు ‘ఛీ’ అన్న పాఠం ఇంటిలో నేర్పుతారు; అది ఆరోగ్యం కోసం తప్పదు. ఆ ‘ఛీ’ని కొంతకాలానికి వీధి ఊడ్చే మనిషి వైపు తిప్పేదీ ఆ ఇల్లే. మొదటి పాఠం ఎక్కడ ముగిసి రెండవది ఎక్కడ మొదలయినదో బిడ్డకు తెలియదు. అతని వల్కలంలో రెండూ ఒకే విధంగా వ్రాయబడతాయి.

ఏవగింపు ముక్కుదా, మరొకదానిదా అన్నది తేల్చుకోవడానికి గాంధీ తన ఆత్మకథలో చెప్పిన ఒక సంఘటన నాకు ప్రయోగశాలలోని పరీక్షలకన్న ఎక్కువ ఉపకరించినది. 1901లో కలకత్తా కాంగ్రెసు సభలకు ఆయన వెళ్ళాడు. మరుగుదొడ్లు కొద్ది, జనం ఎక్కువ. దుర్గంధం భరించరానిదై ఉన్నది. స్వచ్ఛంద సేవకులకు చూపితే అది తమ పని కాదని, పాకీవాని పని అని అన్నారు. ఆయన చీపురు అడిగాడు. అడిగినందుకు వారు నివ్వెరపోయారు. తక్కిన ప్రతినిధులు ఆ కంపును, ఆ మురికిని లెక్కచేసినట్లు కనబడలేదని ఆయన వ్రాశాడు. రాత్రివేళ కొందరు తమ గదుల ముందు వసారాలనే వాడుకొన్నారు. ఆ ప్రతినిధులకు కంపు సహ్యమైనది. సహించరానిది చీపురు ఒక్కటే. గాంధీ చీపురు సంపాదించి ఒక దొడ్డి శుభ్రపరచుకొన్నాడు. అదీ తన అవసరం మేరకే. అంతకు మించి ఒక్కడివల్ల కాలేదు. మిగిలినవి సభలు ముగిసేవరకు అట్లాగే ఉన్నవి.